స్ట్రాస్‌బర్గ్ నుంచి అమ్మకి

అమ్మా,

మొన్న ఫోన్ పెట్టేశానని బాధపడ్డావంట, చెల్లి చెప్పింది. నీ మీద కోపం కాదమ్మా. జ్వరం పోయింది, దగ్గుంది, మిరియాల చారు పెట్టుకుంటున్నా. కందిపొడి ఇంకా అర సీసా ఉంది. పని మామూలే.

రెండూ సమానమని ఎప్పుడో తేలిన లెక్కకి మళ్ళీ ప్రూఫ్ ఏంట్రా అన్నారు కదా నాన్నగారు, అక్కడే నాకు చిర్రెత్తింది. ఇది చదివి వినిపించు. చిన్నోడు, చెల్లి, నేను, మా ముగ్గుర్నీ ఫోటోకి లైన్లో 6 రకాలుగా నిలబెట్టొచ్చు. అందరికన్నా పొట్టి చిన్నోడు, పొడుగు నేను. పొడుగువాళ్ళు పొట్టివాళ్ళకి ముందున్న జంటలెన్నో చూస్తే ఇన్వర్షన్లు. అలాక్కాకుండా, ఒకడి వెనకాలే వాడికన్నా పొట్టివాడొస్తే ఆ ముందువాడు ఎన్నో నంబర్లో ఉన్నాడో చూసి ఆ నంబర్లన్నీ కూడితే మేజర్ ఇండెక్స్. చిన్నోడు, నేను, చెల్లి అని నిలబడితే మొదటిది 1, రెండోది 2, అస్సలు పొంతన లేదు. కానీ 6 వరసలూ చూస్తే రెండిట్లోనూ 0 ఒకసారి, 1 రెండుసార్లు, 2 రెండుసార్లు, 3 ఒకసారి! ఎంతమందినైనా అంతే. మెక్‌మహోన్ అని ఆర్మీ మేజర్, మన మద్రాసులో కూడా కొన్నాళ్ళున్నాడు, ఆయన ఫార్ములాతో తేల్చాడు, మేజర్ అన్న పేరు ఆయన హోదా మీదే పెట్టారు. ఏ వరసకి ఏ వరస జోడీయో మాత్రం 1968లో ఫోటా చూపించాడు, ఈ ఊరి ప్రొఫెసరే.

అత్త పెళ్ళిలో తాతయ్య బంతిలో విస్తళ్ళు లెక్కపెట్టాడా? ఆకుకో మనిషి, మనిషికో ఆకు ఉందా అని ఓ చివర్నించి చూసుకుంటూ పోయాడంతే. నాకు కావాల్సింది అదీ.

నా లెక్క వాళ్ళదానికి పిన్ని కూతురు లాంటిది. నలుగురికి 24 సరిపోయాయి, అయిదుగురికి 120 సరిపోయాయి, ఆరుగురికి 720లో ఒక ఆకు ముందు ఇద్దరు కూర్చున్నారు, ఇంకో ఆకు ఖాళీ. రెండ్రోజులు ఆ ఇద్దర్నే చూస్తూ కూర్చున్నా, అప్పుడు చేశావు నువ్వు ఫోన్. ఉద్యోగం సంగతి ఎత్తకండి ప్లీజ్, ఫెలోషిప్ ఇంకో ఏడాదిన్నర ఉంది.

గృహప్రవేశం జూన్‌లో పెట్టుకోమను అన్నయ్యని, ఏప్రిల్ అయితే రాలేను. చిన్నోడి కళ్ళజోడు మార్చారా?

ఆవకాయ ఈసారి సీసాలో వద్దు, పోయినసారి నూనె కారి నా 24 వరసల కాగితం ఎర్రగా అయిపోయింది, ఇప్పటికీ దాన్ని తీస్తే వాసనొస్తుంది, పారెయ్యలేదులే.

నీ పెద్దోడు