ఒక్క జన్యువుతో మొదలుపెట్టు

ప్రియ మిత్రమా,

బయోఇన్ఫర్మాటిక్స్‌లోకి, అంటే జన్యు సమాచారాన్ని కంప్యూటరుతో విశ్లేషించే రంగంలోకి దిగాలంటే ముందుగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలా, ఆర్ అనే మరో భాష నేర్చుకోవాలా, లేక లినక్స్ కమాండ్లతో మొదలుపెట్టాలా అని అడిగావు. నన్నడిగితే, ఆ మూడింటికంటే ముందు, జవాబు నీకు ఇదివరకే తెలిసిన ఒక జన్యువును ఎంచుకో. ఏళ్ల తరబడి తరగతిలో నువ్వు పాఠంగా చెబుతున్న సికిల్ సెల్ వ్యాధికి మూలమైన బీటా గ్లోబిన్ జన్యువు, అంటే హెచ్‌బీబీ, ఇందుకు చక్కగా సరిపోతుంది.

జన్యు సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచే ఎన్‌సీబీఐ సైటు నుంచి దాని ప్రోటీన్ వరుసను ఫాస్టా ఫైలుగా, అంటే వరుసను అక్షరాల్లో రాసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా దించుకొని, పోలిన వరుసలను డేటాబేసులో వెదికే బ్లాస్ట్ అనే టూల్‌కు ఇచ్చి చూడు. చింపాంజీ బీటా గ్లోబిన్ మనదానితో అక్షరం పొల్లుపోకుండా కలుస్తుంది. పక్కనే కనిపించే ఈ-వాల్యూ, అంత పెద్ద డేటాబేసులో అంతటి పోలిక కేవలం యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు ఎదురుపడవచ్చో చెప్పే అంచనా కాబట్టి, డేటాబేసు పెరిగితే అదే పోలికకు ఆ అంకె కూడా పెరుగుతుంది.

అసలు చదువు మ్యుటేషన్ దగ్గర మొదలవుతుంది. ప్రోటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ వస్తుందని, డీఎన్ఏలో జీఏజీ కాస్తా జీటీజీ అవుతుందని మనం చదువుకున్నాం. టూల్స్ మాత్రం దాన్ని ఏడో స్థానమంటాయి, ఎందుకంటే తరువాత తెగిపోయే మొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్‌ను కూడా అవి లెక్కిస్తాయి. డీఎన్ఏలోని మార్పులను జాబితాగా రాసే వీసీఎఫ్ ఫైలులో 'ఏ' అక్షరం పోయి 'టీ' రావడానికి బదులు, 'టీ' పోయి 'ఏ' వచ్చినట్లు ఉంటుంది. జన్యువు డీఎన్ఏ జంట పోగుల్లో రివర్స్ స్ట్రాండ్ మీద ఉండగా, పోలికకు ప్రమాణంగా వాడే జీనోమ్‌ను, అంటే రెఫరెన్సును, ఎప్పుడూ దానికి ఎదురుగా ఉండే ఫార్వర్డ్ స్ట్రాండ్ మీదే రాస్తారు మరి; అక్కడ 'ఏ'కు జోడీ 'టీ', 'టీ'కి జోడీ 'ఏ'! అంతటితో ఆగదు: 11వ క్రోమోజోములో ఆ మార్పు చిరునామా మనిషి రెఫరెన్సు జీనోమ్ కూర్పు అయిన జీఆర్‌సీహెచ్ 38 ప్రకారం 5227002 అయితే, పాత జీఆర్‌సీహెచ్ 37 ప్రకారం 5248232. ఏ రెఫరెన్సు వాడారో చెప్పకుండా ఎవరైనా అంకె మాత్రమే పంపితే దాన్ని నమ్మవద్దు.

జన్యువుల పేర్లున్న పట్టికను ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు ఆ గడులను టెక్స్ట్‌గా మార్చుకో; సెప్ట్2 వంటి పేర్లను అది సెప్టెంబరు తేదీలుగా మార్చేయడం వల్లనే జన్యువుల పేర్లు ఖరారు చేసే నామకరణ సంఘం ఆ జన్యువు పేరును సెప్టిన్2 చేయవలసి వచ్చింది.

కోడింగ్ రాకపోయినా గెలాక్సీ అనే వెబ్ వేదికలో బ్రౌజరు నుంచే ఈ పనులు చాలావరకు చేయవచ్చు, కాని ఒకే పనిని అనేక నమూనాలపై చేయవలసి వచ్చిన రోజున లినక్స్ వైపు నువ్వే నడుస్తావు. నీ ల్యాప్‌టాప్‌కు ఎంత ర్యామ్ ఉందో రాయి. మనిషి జీనోమ్ మొత్తాన్ని అలైన్ చేయడానికి, అంటే రెఫరెన్సుతో సరిపోల్చి అమర్చడానికి, అది చాలకపోవచ్చు గాని, ఈ ఒక్క జన్యువుకు ఏదైనా చాలు.

ఇట్లు,
నీ మిత్రుడు