‘సెట్’ గొడవ

ఏరా, ఎలా ఉన్నావు?

‘సెట్’ అనే మాట కోసం నిఘంటువు తిరగేసి తిరగేసి విసుగొచ్చిందని రాశావు. రాదా మరి! 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో దానికి 430 దాకా అర్థాలిచ్చారు. వాటిని వరసబెట్టి బట్టీ కొట్టడం మాత్రం శుద్ధ దండగ.

ముందు దాని పుట్టుక పట్టుకో. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఇవి జంటే. ‘ఫాల్’ అంటే పడటం, ‘ఫెల్’ అంటే చెట్టును పడగొట్టడం, అదే వరస. ఆ ‘కూర్చోబెట్టు’లో మన ‘పెట్టు’ దాగుంది చూశావా? చాలాచోట్ల అదే సరిపోతుంది. ‘సెట్ ది అలారం’ అంటే అలారం పెట్టు, ‘సెట్ అసైడ్’ అంటే పక్కన పెట్టు, ‘సెట్ ఫైర్’ అంటే నిప్పు పెట్టు. సిమెంటు సెట్ అయిందంటే ఇక కదలకుండా కుదురుకుందని. సూర్యుడు ‘సెట్’ అవడమూ అంతే, దిగి కూర్చోవడం.

గిన్నెల సెట్టు, పుస్తకాల సెట్టు మాత్రం వేరే ఇంటివి. ఆ అర్థం లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి దీంతో కలిసిపోయింది. కూర్చోబెట్టడంతో దానికి లంకె వెతక్కు.

అసలు టెన్షన్ వెనక తగిలే తోకలతోనే. ‘సెట్ ఆఫ్’ అంటే బయల్దేరడం, బాణసంచా విషయంలో అదే పేల్చడం. వాన ‘సెట్ ఇన్’ అయిందంటే ముసురు పట్టిందని, ఇప్పట్లో వదలదని. కొత్త ఫోను నిన్ను ‘సెట్ బ్యాక్’ చేసిందంటే జేబుకి చిల్లు పడిందని. వీటిని విడదీసి ఆలోచించకు, తోకతో సహా ఒకే మాటగా నేర్చుకో.

ఇంకోటి. భూతకాలంలోనూ ఇది ‘సెట్’గానే ఉంటుంది. ‘షి సెట్ ది టేబుల్’ అని కనిపిస్తే చివర ‘ఎస్’ లేదు కాబట్టి ఎప్పుడో సర్దేసిందని అర్థం. రోజూ సర్దేదైతే ‘సెట్స్’ అని ఉండేది.

‘అప్‌సెట్’ సంగతి తెలుసా? ఒకప్పుడు దానర్థం నిలబెట్టడం, ఇప్పుడేమో బోర్లా పడేయడం! ఇంగ్లీషువాళ్లతో ఇదే తంటా.

‘రన్’ గురించి మాత్రం ఈ ఉత్తరంలో అడక్కు. ఆ క్రియకి ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తేల్చిన అర్థాలు 645.

నీ
నేస్తం