బీపీ సంగతి బుజ్జి చెప్పింది

చిన్నా,

ఎలా ఉన్నావు? దసరా తర్వాత నీ ఫోనే లేదు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, పెరట్లో మునగ విరగకాసింది, సీతత్త మోకాళ్ళ నొప్పి కాస్త నయం. అవన్నీ తర్వాత రాస్తాను. ఆఫీసు క్యాంపులో నీకు బీపీ 152/96 వచ్చిందటగా, బుజ్జి చెప్పింది. నాకెందుకు చెప్పలేదురా?

టెన్షన్ పడకు. ఒక్కసారి చూసిన అంకెతో బీపీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మీ నాన్నగారి సంగతే చూడు. రిటైరైన కొత్తలో ఆస్పత్రిలో 168 అన్నారు. రెండంతస్తులు మెట్లెక్కి వచ్చిన మనిషిని బల్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టి, చొక్కా మీదే పట్టీ చుట్టి, పెన్షన్ కబుర్లు చెప్పిస్తూ చూసిందా అమ్మాయి. ఆ పట్టీ కూడా ఆయన దండకి చిన్నది, చివరలు అంటుకోనే లేదు. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. డాక్టరుగారు వెంటనే మాత్రలు రాయకుండా వారం పాటు ఇంట్లో చూసి రాసుకు రమ్మన్నారు. పొద్దున టిఫిన్‌కి ముందు, రాత్రి పడుకునే ముందు, నిమిషం తేడాతో రెండేసి సార్లు. పాత క్యాలెండరు వెనక గళ్ళు గీసి నేనే రాశాను, ఆయన గొణుగుతూనే ఉన్నారు. మొదటిరోజువి వదిలేసి సగటు కడితే 128/80! ఇంట్లో సగటు 135/85 దాటితేనే ఎక్కువ లెక్క, ఆస్పత్రిలో అయితే 140/90. అలాగని నీకూ తగ్గిపోతుందని అనుకోకు, కొందరికి డాక్టరు దగ్గర బాగుండి ఇంట్లోనే పెరుగుతుంది, అది ఎవరికీ తెలియదు కాబట్టి ఇంకా భయం.

అందుకే నువ్వూ వారం చూసుకో. మణికట్టు మిషన్ వద్దు, దండకి కట్టేదే. చూసుకునే ముందు అరగంట కాఫీ, ఆ సిగరెట్టు (నాకు తెలుసులే) ముట్టుకోకు. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, కాళ్ళు నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చో. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. ఫోను పక్క గదిలో పెట్టు, మాట్లాడకు. బాగా వచ్చిందాకా మళ్ళీ మళ్ళీ చూసి ఆ ఒక్కటే రాసుకోవడం కాదు, వచ్చిందల్లా రాయి. అది డాక్టరుకి చూపించు, మాత్ర వెయ్యాలో వద్దో ఆయన చెప్తారు, స్నేహితుల మాట విని మొదలుపెట్టకు. 180/120 దాటి గుండెల్లో నొప్పో ఆయాసమో ఉంటే మాత్రం మళ్ళీ చూద్దామని కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తు.

నీది అచ్చం మీ నాన్న చెయ్యి, మామూలు పట్టీ చాలకపోవచ్చు. దండ చుట్టుకొలత టేపుతో కొలిచి ఈ రాత్రికే పంపు, సరిపడే మిషన్ నేనే కొని కొరియర్ చేస్తాను.

అమ్మ