వార్డెన్ పనికి కూడా ఒక చదువుంది బావా

బావా,

ఎలా ఉన్నావ్? చెల్లెమ్మ, పాప బాగున్నారా? నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. "నువ్వక్కడ ఏం చదువుతున్నావో ఇక్కడ ఎవరికీ చెప్పలేకపోతున్నాన్రా, పైగా నన్నూ చదవమంటున్నావు, ముందు సరిగ్గా చెప్పి చావు" అన్నావు కదా. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే కుదిరేది కాదని ఈ ఆదివారం తీరిగ్గా కూర్చున్నా. బయట మంచు పడుతోంది, కుక్కర్‌లో పప్పు ఉంది, ఎక్కడికీ వెళ్లే పని లేదు.

ఇక్కడ అమెరికాలో నా డిగ్రీ పేరు హయ్యర్ ఎడ్యుకేషన్ అండ్ స్టూడెంట్ అఫైర్స్. రెండేళ్ల మాస్టర్స్. కాలేజీలో పాఠం చెప్పడం పక్కన పెట్టి మిగతాదంతా అనుకో. హాస్టళ్లు, ఏ సబ్జెక్టులు తీసుకోవాలో చెప్పే సలహాదారులు, ఫీజుకి ఆర్థిక సాయం, వైకల్యం ఉన్నవాళ్లకి ఏర్పాట్లు, ఉద్యోగాల సెల్, విదేశీ విద్యార్థుల ఆఫీసు, క్రమశిక్షణ కేసులు, వీటన్నిటి పైన ఉండే డీన్ ఆఫ్ స్టూడెంట్స్, ఆ పైన వైస్ ప్రెసిడెంట్. మన కాలేజీలో ఈ పనులన్నీ ఎవరు చేస్తారు? ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లు. లేకపోతే నీలాంటి మనసున్నవాళ్లు.

ఫలితాలొచ్చిన ఆ రాత్రి నీకు గుర్తుందా? నువ్వు వార్డెన్‌గా ఉన్న హాస్టల్లో మూడో అంతస్తు మెట్ల మీద ఆ సెకండియర్ కుర్రాడి పక్కన తెల్లారేదాకా కూర్చున్నావు. క్రెడిట్లు సరిపోక డిటైన్ అయ్యాడు, అంటే పై ఏడాదికి వెళ్లకుండా ఆగిపోయాడు, గదిలోకి వెళ్లనంటాడు, అన్నం తిననంటాడు. నేను రెండుసార్లు ఫ్లాస్కులో టీ తెచ్చాను, రెండోసారి మూత సరిగ్గా పట్టక సగం కారిపోయింది. నువ్వు వాడికి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. "మీ ఊళ్లో ఇప్పుడు ఏం వేశార్రా?" అని అడిగావు. వాడు మినుము గురించి చెప్పడం మొదలెట్టాడు, పురుగు గురించి చెప్పాడు, కౌలు గురించి చెప్పాడు, చివరికి నాన్న అప్పు గురించి చెప్పాడు. తెల్లారాక వాడే ఫోన్ తీసి వాళ్లమ్మకి చేశాడు. ఆ రోజు నీకు రెండు క్లాసులుంటే రెండూ చెప్పావు. ఆ పని నీ సర్వీసు రికార్డులో ఎక్కడా లేదు.

మొదటి సెమిస్టర్‌లో నాన్సీ ష్లాస్‌బర్గ్ అనే ఆవిడ 1989లో రాసిన వ్యాసం ఒకటి చదివించారు. నేనున్నా లేకపోయినా ఇక్కడ ఎవరికీ పట్టదు అని విద్యార్థికి అనిపించడం మొదలైతే అక్కడి నుంచే జారిపోతాడనీ, తనని ఎవరో గమనిస్తున్నారు అనిపిస్తే నిలబడతాడనీ దాని సారం. చదువుతున్నంతసేపూ నాకు ఆ మెట్లే కనబడ్డాయి. విన్సెంట్ టింటో అని ఇంకొకాయన, పిల్లలు చదువు మధ్యలో ఎందుకు మానేస్తారో 1975లోనే ఒక సిద్ధాంతం రాశాడు. మార్కులొక్కటే కారణం కాదు, క్లాసులోనూ బయటా మనుషులతో ముడి పడకపోతే వెళ్లిపోతారని. ఇవన్నీ నువ్వు చేతల్లో చేసినవే. తేడా ఏంటంటే ఇక్కడ వాటిని రాసిపెట్టుకున్నారు, వాదించుకున్నారు, తప్పులు దిద్దుకున్నారు, తర్వాత వచ్చేవాడికి నేర్పుతున్నారు. నువ్వు కాలేజీ మారితే నీతో పాటు నీ పద్ధతీ వెళ్లిపోతుంది. ఆ హాస్టల్‌కి మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడా ఎప్పటి నుంచో ఇలా లేదులే. చాలాకాలం కాలేజీయే తల్లీ తండ్రీ అన్నట్టు నడిచింది, పిల్లవాణ్ణి ఎందుకు పంపించేశావని అడిగే నాథుడు లేడు. 1960లో అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో కోర్టు భవనంలోని క్యాంటీన్‌లో తెల్లవాళ్లకే కూర్చోబెట్టి వడ్డించేవాళ్లు. అలబామా స్టేట్ కాలేజీకి చెందిన నల్లజాతి విద్యార్థులు అక్కడ కూర్చుని నిరసన తెలిపారు. వాళ్లలో తొమ్మిది మందిని, విచారణ లేదు, సంజాయిషీ అడగడం లేదు, కాలేజీ నుంచి తీసేశారు. వాళ్లు కోర్టుకెళ్లారు. ప్రభుత్వ కాలేజీ ఒక విద్యార్థిని తీసేయాలంటే ముందు నోటీసివ్వాలి, వాడి మాట వినాలి అని 1961లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. అక్కడి నుంచి ఇక్కడి కాలేజీలు విద్యార్థిని ఎదిగిన మనిషిగా చూడటం నేర్చుకోవాల్సి వచ్చింది. మనం ఇప్పటికీ ప్రతిదానికీ "మీ నాన్నని తీసుకురా" అంటాం కదా, అందుకే ఈ కేసు నాకు బాగా తగిలింది.

కానీ బావా, ఆ పద్ధతి ఎంత కష్టమో నాకు పోయినేడాది తెలిసింది. నేను వారానికి 20 గంటలు స్టూడెంట్స్ ఆఫీసులో పనిచేస్తాను. ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగింది, ఇండియా నుంచి. మాట్లాడేది మన తెలుగాయన, గొంతు బట్టి అరవై దగ్గర పడి ఉంటాయి. కొడుకు మూడు వారాలుగా సరిగ్గా మాట్లాడట్లేదట. "బాబూ, నువ్వు మనవాడివే కదా, వాడు క్లాసులకి వెళ్తున్నాడో లేదో ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు. నేను చెప్పకూడదు. 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ప్రకారం కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. ప్రాణాపాయం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయిగానీ, మామూలుగా వాడి సంతకం లేకుండా కన్నతండ్రికైనా మార్కులు, హాజరు, ఫీజు ఏదీ చెప్పకూడదు. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. వెనకాల టీవీలో ఏదో సీరియల్ వినిపిస్తోంది. తర్వాత మెల్లగా "పోనీ, తింటున్నాడా?" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

"అండీ, నేను మీకు వాడి గురించి చెప్పలేను, కానీ మీరు చెప్పేది వినగలను, మీ భయం మా వాళ్లకి చేరవేయగలను" అన్నాను. సరిగ్గా ఆ మాటే నాకు ట్రైనింగ్‌లో నేర్పారు. వివరాలన్నీ రాసుకుని మా సూపర్‌వైజర్‌కి ఇచ్చాను. ఇక్కడ అలాంటి కబుర్లు చూడటానికి ప్రతి వారం ఒక బృందం కూర్చుంటుంది, హాస్టల్, కౌన్సెలింగ్, అడ్వైజింగ్ వాళ్లు కలిసి. ఆ కుర్రాణ్ణి ఆ మర్నాడే పిలిచి మాట్లాడారు. రెండు రోజుల తర్వాత వాడే మా ఆఫీసుకొచ్చి, నా ముందే కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. నేను లేచి బయటికొచ్చేశాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ చట్టం సరైనదే అని నేను నమ్ముతున్నాను. ఆ తండ్రి ప్రశ్న కూడా సరైనదే. ఆ రెండిటికీ మధ్య నిలబడి పని చేయడానికే ఈ చదువు.

ఇక నువ్వు అడిగిన రెండోది, దీంట్లో లీడర్‌షిప్ ఏముంది, కౌన్సెలర్‌ని పెడితే సరిపోదా అని. సరిపోదు బావా. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మన దగ్గర హాజరు 75 శాతం దాటాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే ఆ లోటు మన్నించడానికి కండొనేషన్ ఫీజు కట్టించుకుంటారు, ఇంకా తగ్గితే డిటైన్. సెమిస్టర్ చివర్లో లిస్టు నోటీస్ బోర్డు ఎక్కుతుంది. వాడు మూడో వారం నుంచే క్లాసుకి రావడం లేదు కదా, అప్పుడు ఎవరు చూశారు? ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని హాల్ టికెట్ ఆపితే, ఆ పిల్లకి టెన్షన్ పడొద్దని కౌన్సెలర్ చెప్పి ఏం ప్రయోజనం? ఆ టెన్షన్ పుట్టింది అకౌంట్స్ సెక్షన్‌లో. దాన్ని ఆపగలిగేవాడు ప్రిన్సిపాలో, మేనేజ్‌మెంటో.

అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ అని ఉంది. డబ్బున్న యూనివర్సిటీ కాదు, పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు ఎక్కువ. 2003లో అక్కడ డిగ్రీ పూర్తి చేసేవాళ్లు 32 శాతమే. లెక్కలు తీసి చూస్తే, చదువు బాగానే సాగుతున్నవాళ్లు కూడా కొన్ని వందల డాలర్లు బాకీ ఉన్నారని పేర్లు తొలగించబడి ఇంటికెళ్లిపోతున్నారు. 2011 నుంచి వాళ్లే ఆ చిన్న బాకీలు తీర్చడం మొదలెట్టారు. పిల్లవాడు అప్లికేషన్ పెట్టి బతిమాలుకోనక్కర్లేదు, యూనివర్సిటీయే చూసుకుని ఖాతాలో వేస్తుంది. ఆ మరుసటి ఏడాది మార్కులు, రిజిస్ట్రేషన్ లాంటి 800కి పైగా సంకేతాలను రోజూ గమనించే పద్ధతి తెచ్చి, ఏదైనా తేడా కనబడితే వెంటనే పిలిచి మాట్లాడటానికి 42 మంది సలహాదారుల్ని కొత్తగా తీసుకున్నారు. కంప్యూటర్ ఒక్కటే పెట్టి మనుషుల్ని పెట్టకపోతే ఏమీ జరిగేది కాదు. డిగ్రీ పూర్తయ్యేవాళ్లు 50 శాతం దాటారు. ఆ నిర్ణయం మెట్ల మీద కూర్చునే వార్డెన్ తీసుకోలేడు. బడ్జెట్ మీద సంతకం పెట్టే కుర్చీలో ఉన్నవాడు తీసుకున్నాడు. నీలాంటివాడు ఆ కుర్చీ దాకా వెళ్లాలని నా కోరిక, అందుకే ఇంత పోరుతున్నా.

ఇప్పుడు డబ్బు మాట. ఇక్కడికి రావాలంటే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్, అంటే చదువుతూ యూనివర్సిటీలోనే చేసే పని, లేకుండా మాత్రం రాకు. అది ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తమో, చాలా భాగమో మాఫీ, నెలనెలా కొంత స్టైఫండ్. హాస్టల్లో పని దొరికితే ఉండటానికి గది, తిండి కూడా ఇచ్చే చోట్లున్నాయి. చాలా చోట్ల సీటుతో పాటు ఈ పనికి కూడా ఇంటర్వ్యూ ఉంటుంది, జనవరి, ఫిబ్రవరి నెలల్లో. నువ్వు హాస్టల్లో చేసినదంతా ఉన్నదున్నట్టు చెప్పు, అదే నీ అనుభవం, మొహమాటపడకు. అప్పు చేసి వచ్చే కోర్సు మాత్రం కాదిది. ఎందుకంటే తర్వాత వచ్చే జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతంలో సగం కూడా ఉండకపోవచ్చు. వీసా సంగతీ చూసుకో. ఇది మామూలుగా స్టెమ్, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సు కిందికి రాదు కాబట్టి చదువయ్యాక ఇక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే, ఆ పైన రెండేళ్ల పొడిగింపు ఉండదు. యూనివర్సిటీలకి హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీ లేదు, అది మంచిదేగానీ మొదటి మెట్టు ఉద్యోగాలకి స్పాన్సర్ చేసేవాళ్లు తక్కువ. ఈ రూల్స్ మారుతూనే ఉంటాయి, బయల్దేరే ముందు మళ్లీ చూసుకోవాలి. ఇక ఉద్యోగంలోకి వచ్చాక నిద్ర ఉండదు. డ్యూటీ ఫోన్ నా దగ్గరున్న వారం నేను చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని పడుకుంటాను. నాతో చదివినవాళ్లలో ఇద్దరు ఏడాది తిరగకుండానే వేరే ఉద్యోగాల్లోకి వెళ్లిపోయారు, వాళ్లని తప్పు పట్టను.

నిజానికి ఈమధ్య నా మనసు వేరేలా చెప్తోంది. నువ్వు అసలు ఇక్కడికి రావాల్సిన పని లేదేమో. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు చదివావా? చదవకపోతే ఇవాళే చదువు. దేశమంతటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, అంతకన్నా ఎక్కువ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో పెట్టాలంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలంది. కూతురు పోయిన తండ్రి ఊరుకోకుండా పోరాడితే వచ్చింది అది. మన రాష్ట్రం కేసు. కాగితం మీదున్న ఆ మాటల్ని కాలేజీలో నడిపించేవాళ్లు ఇప్పుడు కావాలి, ఎక్కడున్నారు వాళ్లు?

ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), ఢిల్లీలో నీపా (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషనల్ ప్లానింగ్ అండ్ అడ్మినిస్ట్రేషన్) ఉన్నాయి. టిస్ కౌన్సెలింగ్, సోషల్ వర్క్ వైపు, నీపా విద్యా ప్రణాళిక, పరిపాలన వైపు. ఇక్కడి కోర్సులాగా రెండూ కలిపి అచ్చంగా ఉండవుగానీ నీకున్న అనుభవానికి ఏదో ఒకటి తోడైతే చాలు. అంతదాకా ఆగకుండా ఈ సెమిస్టర్‌లోనే చేయగలిగింది ఒకటుంది. మూడో వారం నాటికి వరసగా నాలుగు రోజులు రానివాళ్ల లిస్టు తీయించు. ఆ లిస్టు ఇంటికి పంపొద్దు, హెచ్‌ఓడీ టేబుల్ మీదా పెట్టొద్దు. ముందు నువ్వో, వాడికి ఇష్టమైన ఇంకో మాస్టారో వాడి గదికి వెళ్లి కూర్చోండి. రాత్రిపూట నువ్వు దొరకనప్పుడు పిల్లలు ఫోన్ చేయడానికి మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ప్రతి అంతస్తులో, ముఖ్యంగా మెట్ల దగ్గర పెద్ద అక్షరాలతో అంటించు. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు లేవు. మేం ఇక్కడ వాడే మాట్లాడే పద్ధతి, ఏం అడగాలి, ఏం అడగకూడదు, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, అదంతా తెలుగులో రెండు పేజీలు రాసి పెట్టాను. దీని వెనకే పంపిస్తున్నా. నీకు మన పిల్లలకి కుదరదు అనిపించిన చోట కొట్టేసి తిరిగి పంపు, నాకు అదే కావాలి.

కుక్కర్ నాలుగు కూతలు వేసేసింది, ఉంటాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు. అన్నట్టు ఆ మెట్ల మీది కుర్రాడు తర్వాత ఏడాది జూనియర్లతో మళ్లీ కూర్చున్నాడని విన్నాను, డిగ్రీ పూర్తి చేశాడా? నీ దగ్గర వాడి నంబర్ ఉంటే ఒకసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నాడో నాకు రాయి.

నీ
పాత రూమ్మేటు