టార్చిలైటు పెదనాన్నకు, మా గల్లీకి దండాలు

నిన్న కుడిచేతి కట్టు విప్పిన్రు. వేళ్లు కదులుతున్నాయి కాబట్టి ముందు ఈ బాకీ తీర్చాలె.

తెలియనివాళ్లకు: నెలన్నర కింద, వేరే రాష్ట్రంలో పైలట్ ట్రైనింగులో ఉండగా, సెస్నా 152 అనే చిన్న రెండు సీట్ల విమానంలో ఒక్కదాన్నే దిగుతూ విమానాన్ని దెబ్బతీశాను. తప్పు నాదే. 60 నాట్ల (గంటకు దాదాపు 111 కి.మీ.) స్పీడుతో రావాల్సింది 72తో వచ్చాను. చక్రాలు తాకగానే విమానం మళ్లీ లేచింది. అప్పుడు ఫుల్ పవర్ ఇచ్చి గో-అరౌండ్ వెళ్లాలి, అంటే దిగడం మానేసి పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి రావాలి. నేనేమో భయంతో ముక్కు కిందికి తోశాను. ముందు చక్రం నేలకు గుద్దుకొని ఇంకా పైకి లేచింది. మూడో గంతుకు ఆ చక్రం కాలు విరిగింది, ప్రొపెల్లర్ రన్‌వేకు కొట్టుకుంది. ఇంజన్ ఆపి, మాస్టర్ స్విచ్ తీసి దిగేదాకా మణికట్టు విరిగిన సంగతే తెలియలేదు. ఉరికొచ్చిన ఫైర్ సిబ్బందికి, ఆ రాత్రంతా ఆస్పత్రిలో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ సార్‌కు దండం.

హన్మకొండలో ఎదురింటి అత్తమ్మ పదిహేను రోజులు ముద్దలు కలిపి తినిపించింది. ఆటో అన్న డాక్టర్ దగ్గరికి ఎన్నిసార్లు తిప్పినా కిరాయి ముట్టలేదు. "ఆడపిల్లకు గీ ఇమానాలెందుకు" అన్నోళ్లూ వచ్చిన్రు. వాళ్లకూ అమ్మ చాయ్ పోసింది, చక్కెర కొంచెం తక్కువేసి.

ఇక పెదనాన్న. ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. తిట్టలేదు, ఒక్కటే అడిగిండు: "బిడ్డా, దిగేటప్పుడు కండ్లు యాడ పెట్టినవ్?" ముక్కు ముందర నేల మీద, అన్నాను. ఆ సాయంత్రమే మా డాబా మీద సుద్దతో రన్‌వే గీసి, చివర పిట్టగోడ మీద టార్చి వెలిగించి పెట్టిండు. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ చేతికి స్టీలు పళ్లెం ఇచ్చి అదే యోక్ (విమానం నడిపే స్టీరింగు) అన్నడు. "టార్చినే చూడు" అంటూ, దిగేటప్పుడు విమానం ముక్కు లేచినట్టు కుర్చీని మెల్లగా వెనక్కి వంచేది. దూరం చూస్తుంటేనే నేల ఎంత దగ్గరైందో ఓరచూపుకు అందుతుంది. ఇదే మాట సార్ పదిసార్లు చెప్పిండు, నాకు మాత్రం కుర్చీలోనే ఎక్కింది. నెల రోజులు, రోజూ.

ఓ ఆదివారం స్కూటర్ మీద మామునూరు తీసుకుపోయిండు. నిజాం కాలపు ఎయిర్‌పోర్టు, 1981లో రాకపోకలు ఆగిపోయినయ్. రోడ్డు మీద నిలబడే చూసినం. "మల్ల తెరిసినంక నన్నెక్కించుకొని ఈడ దింపు. కని గంతులెయ్యకు" అన్నడు.

డాక్టర్ ఇంకో నెల చేతికి వ్యాయామం చెప్పిండు. పైలట్ల మెడికల్ పరీక్ష పాసైతే మళ్లీ ట్రైనింగుకు పోతాను. ముందు సార్ పక్కన కూర్చొనే.

పెదనాన్నా, మీ టార్చి మా ఇంట్లనే ఉంది. సెల్లులు అయిపోయినయ్, కొత్తవి వేసి అమ్మ తెచ్చిస్తది.