పీలికల బొంతలకి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు – మన కాలనీ ఆడవాళ్ళ కమిటీ లెక్క

కాలనీలో అందరికీ నమస్కారం. నవంబర్లో మొదలుపెట్టిన బొంతల పని సంక్రాంతికి ముందే అయిపోయింది, లెక్క మాత్రం ఇప్పుడు పెడుతున్నాం, మిషన్లు బాగుచేసినాయన బిల్లు చేతికి రావడం ఆలస్యమైంది, ఒక్క బిల్లు తక్కువైనా లెక్క పెట్టకూడదు అనుకుని ఆగాం. ఏమీ అనుకోకండి.

ముందు జమ. 62 ఇళ్ళ నుంచి ఇంటికి 200 చొప్పున 12,400 వచ్చాయి. ఇంకో తొమ్మిది మంది 500 చొప్పున ఇచ్చారు, అవి 4,500. మూడో లైన్లో అత్తయ్యగారి అమ్మాయి డల్లాస్ నుంచి 5,000 పంపింది. పాత పేపర్లు, అట్టపెట్టెలు అమ్మితే 640. పోయినేడు మిగిలింది 1,310. అన్నీ కలిపితే 23,850 రూపాయలు.

ఖర్చు 22,870. చేతిలో ఉన్నది 980.

ఇంత ఖర్చెందుకైంది అని చాలామంది అడిగారు, గుడ్డ ముక్కలు ఊరికే వచ్చాయి, లోపల పెట్టే పాత చీరలు మనమే ఇచ్చుకున్నాం, మరి ఇరవై రెండు వేలు ఎక్కడికి పోయాయి అని. అడగాల్సిన మాటే, డబ్బు మీది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాం.

మన గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట టైలర్లు నిజంగానే సంచులకి సంచులు ఇచ్చారు, పైసా తీసుకోలేదు, వాటిని తెచ్చుకోడానికి, అయిన బొంతలు చేర్చడానికి ఆటోలకి 780 అయింది. అస్తరుకి, అంటే బొంతకి కింద వేసే గుడ్డకి మాత్రం కొనక తప్పలేదు. ఒక్కో బొంత ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు, పట్నంబజారులో 72 అంగుళాల పన్నా ఉన్న కోరా గుడ్డ మీటరు 120 చొప్పున 60 మీటర్లు కొన్నాం, 7,200. అంత పెద్ద పన్నా ఎందుకంటే కోరా గుడ్డ మొదటి ఉతుకులోనే ముడుచుకుంటుంది, తడిపి ఆరేశాక కూడా నాలుగు పక్కలా కాస్త మిగలాలి, ఆ మిగిలినదాన్నే పైకి మడిచి కుట్టేస్తే అంచు అయిపోతుంది, వేరే పట్టీ కొనక్కర్లేదు. దారాలకి 1,810, సూదులకి 260, మూడు పాత మిషన్లకి బెల్టు, బాబిన్ కేసు, సర్వీసు కలిపి 1,240, రసీదు పుస్తకాలకి 180.

ఎక్కువ మాట వచ్చింది 3,300 దగ్గర. రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే బ్లేడుతో గుడ్డ కోసేది) 650, కింద వేసే మ్యాట్ 1,450, పొడుగు స్కేలు 900, రెండు బ్లేడ్లు 300. ఇంట్లో కత్తెర లేదా అన్నారు. ఉంది. మొదటి వారం కత్తెరతోనే చేశాం, అట్టముక్క పెట్టి సుద్దతో గీసుకుని ఒక్కో చదరం కత్తిరించి, ఎనిమిది మంది నాలుగు రోజులు కూర్చుంటే అయినవి 22 గళ్ళు, పదహారు చదరాలు కలిపి కుడితే ఒక గడి. ఒక్కో బొంతకి అడుగు పొడుగు, అడుగు వెడల్పు ఉన్న గళ్ళు 35 కావాలి. అలా అయితే సంక్రాంతికి నాలుగు బొంతలు కూడా అయ్యేవి కావు.

కట్టర్ వచ్చాక పద్ధతే మారిపోయింది. నైటీలు కుట్టే చోట మిగిలే పొడుగు పట్టీలు ఉంటాయి కదా, అవి మూడున్నర అంగుళాల వెడల్పున నాలుగేసి పొరలు ఒకేసారి కోసేశాం. నాలుగు రంగుల పట్టీలు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మళ్ళీ అడ్డంగా మూడున్నరకి కోస్తే నాలుగు చదరాల వరస తయారుగా వచ్చేస్తుంది, ఒక వరస ఇటు ఒక వరస అటు తిప్పి కలిపితే పదహారు చదరాల గడి. 44 అంగుళాల పట్టీల నుంచి మూడు గళ్ళు వస్తాయి. విడివిడి ముక్కలతో మూడు గళ్ళకి 45 కుట్లు పడతాయి, ఇలా చేస్తే 12. ఈ లెక్క ఒక్కసారి చూస్తే ఆ 3,300 ఎందుకో తెలుస్తుంది. ఇంకోటి, ఒక ముక్క అయ్యాక దారం తెంపకుండా వెనకాలే ఇంకో ముక్క పెట్టి కుట్టుకుంటూ పోయాం, తోరణంలా వచ్చేది, చివర్లో విడదీసుకోవడమే, దారం బాగా ఆదా అయింది.

గళ్ళ కొలత తేడా రాకుండా మిషన్ మీద సూదికి పావంగుళం దూరంలో గాయానికి వేసే ప్లాస్టరు నాలుగు మడతలు అంటించాం, గుడ్డ అంచు దానికి ఆనించి తోస్తే కుట్టు దానంతట అదే తిన్నగా పోతుంది. రెండు కుట్లు కలిసే చోట ఒకదాని మడత ఎడమకి, ఇంకోదాని మడత కుడికి ఇస్త్రీ చేస్తే ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, గుండుసూది కూడా అక్కర్లేదు.

మరీ చిన్న పీలికలు, వేలెడు వెడల్పువి, అవి పారేద్దామన్నారు గానీ మనసు ఒప్పలేదు, వాటిల్లో మంగళగిరి చీరల నిజాం అంచు ముక్కలు ఎన్ని ఉన్నాయో. పాత పంచెలు 13 అంగుళాల చదరాలుగా కోసి, మూల నుంచి మూలకి ఒక పీలిక పెట్టి, దాని పక్కన ఇంకోటి, కుట్టి మడిచి, కుట్టి మడిచి నింపేశాం, చివర్లో పన్నెండున్నరకి సరిచేస్తే గడి అయిపోయింది. జారిపోయే గుడ్డలకి ముందు గంజి పెట్టాం, సాగకుండా నిలబడ్డాయి. 840 గళ్ళలో 340 ఇలా చేసినవే. మాకు వీటి మీదే ప్రేమ ఎక్కువ.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పాలి. ముక్కలన్నీ ముందే తడిపి రంగు చూడాల్సింది, తొందరలో ఒక సంచి అలాగే వాడేశాం, అందులో ఎర్ర ముక్కలు రంగు దిగాయి. అయిన బొంతలు మూడు తడిపేసరికి అస్తరంతా గులాబీ మరకలు, దండెం మీద నీళ్ళు కూడా ఎర్రగానే కారుతున్నాయి. ఆ మూడింటికీ అస్తరు విప్పేసి మార్చాం, ఏడున్నర మీటర్లు, 900. అది పూర్తిగా మా అజాగ్రత్త వల్ల అయిన ఖర్చు, దయచేసి క్షమించండి. తర్వాత నుంచి ముదురు రంగు ముక్క ప్రతిదాన్నీ వేడినీళ్ళలో ముంచి తెల్లగుడ్డ మధ్య పెట్టి నొక్కి చూశాకే తీసుకున్నాం.

ఇంకో పెద్ద ఖర్చు 7,200, మొదట కొన్న అస్తరుతో సమానం, అది కుట్టు కూలి. పై గళ్ళు మిషన్ మీద మనం కుట్టాం గానీ పై పొర, చీరలు, అస్తరు కలిపి చేత్తో రన్నింగ్ కుట్టు వేసింది ఇద్దరు పెద్దావిడలు, ఏళ్ళ తరబడి ఇళ్ళకి బొంతలు కుట్టి బతుకుతున్నవాళ్ళు. వాళ్ళకి బొంతకి 300 చొప్పున 24 బొంతలకి ఇచ్చాం. నేల మీద పరుచుకుని మోకాళ్ళ మీద జరుగుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకి కుట్టుకుంటూ పోతారు, గీత గీయరు, జాన కొలుస్తారు అంతే, వరసలు మాత్రం వంకర పోవు. నిజం చెప్పాలంటే 300 ఆ కష్టానికి తక్కువ. వచ్చే ఏడు 400 అయినా ఇవ్వాలని కమిటీలో అందరం అనుకున్నాం, అప్పుడు చందా అడిగేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

మొదట 15 బొంతలు అనుకున్నాం, 24 అయ్యాయి. 14 పెద్దాసుపత్రి దగ్గర రోగులకి తోడుగా వచ్చి వరండాల్లో కటిక నేల మీద పడుకునేవాళ్ళకి, ఆరు వృద్ధాశ్రమానికి, నాలుగు మన వెనక సందులో పాకల్లో ఉన్నవాళ్ళకి ఇచ్చాం. ఆసుపత్రి దగ్గర ఒకామె బొంత తీసుకుని పరవలేదు, ముందు దాని మీద ముక్కలు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది, ఈ పూల గుడ్డ మా అమ్మాయికి గౌను కుట్టించిందే అంది.

980 కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి. బిల్లులన్నీ ఫైల్లో పెట్టాం, ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి కమ్యూనిటీ హాల్లో ఉంటాం, ఎవరైనా వచ్చి చూడొచ్చు. కట్టర్, మ్యాట్, స్కేలు కూడా అక్కడే బీరువాలో ఉన్నాయి, అవి కాలనీవే, కావాల్సినవాళ్ళు పుస్తకంలో రాసి తీసుకెళ్ళండి. పీలికలు ఇంకా రెండు గోతాలు మిగిలాయి, రంగు చూసి ఉతికి పెట్టాం.