గోడల మీద వైద్యం

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల గోడల మీద 'మగతనం లోపమా? గ్యారంటీ వైద్యం' పోస్టర్లు మళ్లీ వెలిశాయి. కింద సెల్ నంబరే తప్ప డాక్టరు పేరుండదు. ఇలాంటి ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఏనాడో నిషేధించింది.

అంగస్తంభన లోపానికి కుర్రాళ్లలో తరచూ టెన్షనే కారణం. నలభై దాటినవాళ్లలో మాత్రం షుగర్, బీపీ, చుట్ట, సిగరెట్ల వల్ల రక్తనాళాలు దెబ్బతినడం ఎక్కువ. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాలకన్నా సన్నవి. అందుకే లోపం ముందు అక్కడ బయటపడుతుంది, గుండెజబ్బు తర్వాత రావచ్చు. పోస్టరు వైద్యుడు ఈ సంగతి చెప్తాడా?

ఈ లోపానికి వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మంచి మందే. కానీ గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు దాన్ని వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కొన్ని మందుల షాపుల్లో మాత్రం మెల్లగా అడిగితే చీటీ లేకుండానే కాగితంలో చుట్టి ఇచ్చేస్తున్నారు.

అధికారులు ఆ పోస్టర్లు తీయించాలి. షుగర్ పరీక్షకొచ్చే మగవాళ్లను ప్రభుత్వ డాక్టర్లే ఈ విషయం అడగాలి. మనవాళ్లు తమంతట తాము నోరు విప్పరు.

- ఒక పాఠకుడు, విజయనగరం